ముప్పిరిగొనడం అంటే కలగలిసిపోవడమేనా?

"ఆనందం, ఆశ్చర్యం, భయం ముప్పిరిగొన్నాయి" అని రాస్తుంటాం. మొన్న గుంపులో ఒకరు దాన్ని "కలగలిసిపోయాయి" అని మార్చి, అర్థం ఒకటే గదా అన్నారు. నాకు ఒకటే అనిపించడం లేదు. కారణం వ్యాకరణం కాదు, నేను పాడుచేసుకున్న ఒక శాలువా.

ముందు మాట సంగతి. ముప్పిరి అంటే మూడు పిరులు. పిరి అన్నా పురి అన్నా ఒకటే, దారానికో తాడుకో పెట్టే మెలి. తమిళులు జందేన్ని ముప్పురినూల్ అంటారు. నిఘంటువుల్లో ముప్పిరిగొనుకు అతిశయించడం అనే అర్థం కూడా ఉంది, కాబట్టి ఒక్క దుఃఖమే ముప్పిరిగొందని రాసినా తప్పు పట్టను.

ఇక శాలువా. నెల్లూరు ఎండల్లో ఉన్ని శాలువా ఎవరు కప్పుకుంటారు చెప్పండి. అంగట్లో ఊలు అని ఇచ్చేది కూడా చాలావరకు అక్రిలిక్కే. అందుకని నూలు దారం కొన్నా. మెత్తగా ఉంది గదా అని ఒంటిపేటది, అంటే ఒకే పోగుది, తీసుకున్నా. రెండు సూదులతో ఒక వరుస నిట్టు (సూటి కుట్టు), ఒక వరుస పర్లు (తిరగ కుట్టు). జానెడు అల్లేసరికి అంచు పక్కకు వాలింది. కుట్లు లెక్కపెట్టా, సరిగానే ఉన్నాయి. లాగి సరిచేశా. ఉతికి ఆరేస్తే మళ్లీ అంతే, ఇంకాస్త ఎక్కువ.

తప్పు చేతిది కాదు, పురిది. ఒక్క పోగును ఒకే వైపు మెలిపెడితే అది ఎప్పుడూ విప్పుకోవాలనే చూస్తుంటుంది. నేతలో పడుగూ పేకా ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి, దాని ఆటలు అంతగా సాగవు. అల్లికలో ప్రతి కుట్టూ వదులు ఉచ్చే. దారం తిరగబోతే కుట్టే తిరుగుతుంది, వందల కుట్లు ఒకే పక్కకు తిరిగితే గుడ్డ వాలుతుంది.

అదే రెండు మూడు పోగులు తీసుకుని, వాటి మెలికి ఎదురువైపు కలిపి పేనితే? పోగు విప్పుకోబోతే పేనిన మెలి బిగుస్తుంది, పేనిన మెలి విప్పుకోబోతే పోగు బిగుస్తుంది. కావాలంటే ఉండలోంచి మూరెడు దారం లాగి, మధ్యకు మడిచి, రెండు కొసలూ పట్టుకుని వేలాడదీయండి. నా ఒంటిపేట దారం పాములా చుట్టుకుపోయింది. సరిగ్గా పేనిన దారం బుద్ధిగా వేలాడుతుంది.

అందుకే అంటున్నా, ముప్పిరిగొన్నవి పప్పూ చారూ కలిసినట్టు కలవవు. దేని లాగుడు దానికుంటుంది, ఆ లాగుళ్లే ఒకదాన్నొకటి కట్టిపడేస్తాయి. కూతుర్ని అత్తారింటికి పంపే తండ్రికి సంతోషం, దిగులు, పెళ్లి అప్పు భయం ముప్పిరిగొన్నాయి అనండి, ఒప్పుకుంటా. కలగలిశాయి అంటే ఒప్పుకోను.

వ్యాఖ్యలు

కోవూరు నుంచి: మా పాటూరు మగ్గాల కాడ పిరి అని ఎవురూ అనరక్కా, పురే. పడుగు నూలుకి పురి గట్టిగా ఉండాల, పేకకి కొంచెం తక్కువైనా జరిగిపోద్ది.

జవాబు: అవును తమ్ముడూ, కొట్లో అడిగేదీ పురికొసే గదా. ముప్పిరిలో మాత్రం పిరి అట్లానే మిగిలిపోయింది.

ఒంగోలు నుంచి: పురికొల్పడం కూడా ఇందులోదేనా అండీ?

జవాబు: ఇందులోదేనండీ. మెలిపెట్టి వదిలిన దారం ఊరకే ఉండదు గదా. నెమలి పురిని మాత్రం ఇందులోకి లాగకండి, అది తోక.

ఇందుకూరుపేట నుంచి: మా తాత టెంకాయ పీచు తాడు పేనేటప్పుడు రెండు పాయలూ అరచేతుల మధ్య ఒకే పక్కకి దొర్లించేవాడు. చెయ్యి తీస్తే అవే ఎదురు తిరిగి పెనవేసుకునేవి. మీరు చెప్పింది చదివాక ఇప్పుడర్థమైంది ఎందుకో.

జవాబు: ఈ మాట నా శాలువా మొదలెట్టకముందే చెప్పుంటే ఎంత బాగుండేదన్నా!

కోవూరు నుంచి: ఇంతకీ ఆ శాలువా ఏం చేశావక్కా?

జవాబు: మిక్సీ మీద కప్పా. ఇప్పుడు మిక్సీ కూడా ఒక పక్కకి వంగినట్టే కనబడతా ఉంది.