అప్‌డేట్: ఆటలమ్మ పోసిన పాపను క్రెష్‌కి ఎప్పుడు పంపాలి?

పాపకు ఆటలమ్మ పోసింది, జ్వరం తగ్గింది, క్రెష్‌కి పంపొచ్చా అని అడిగాను కదా. ఇక్కడే కడపలో పిల్లల డాక్టర్‌కి చూపించాం. జ్వరం తగ్గితే చాలదట. కొత్త పొక్కులు రాకూడదు, ఉన్నవన్నీ ఎండి పక్కు కట్టాలి. మామూలుగా దానికి 5 నుంచి 7 రోజులు పడుతుందట. చెవి వెనక ఒక పొక్కులో ఇంకా నీరుంటే చూపించి, "ఇది ఎండేదాకా ఆగండమ్మా" అన్నారు.

పొక్కులు కనబడక ముందు 1–2 రోజుల నుంచే అంటుకుంటుందట, అందుకే క్రెష్‌లో వెంటనే చెప్పేశాం. అక్కడి ఆయమ్మ కడుపుతో ఉంది, నా టెన్షనంతా ఆమె గురించే. ఆమె తన డాక్టర్‌ని కలిసింది. చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి భయం లేదన్నారట. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు ఇవ్వనే వద్దట. అత్తమ్మ వేపాకు పక్క మానలేదు, మానమని నేనూ అనలేదు. సోమవారం పంపుతున్నాం.