రెండు పార్టీల ఊళ్లో సర్పంచి ఏకగ్రీవం చేసుకుంటే తప్పేంటి?

నాగులేటి గట్టు

మాది పల్నాడు. ఊరి పేరు చెప్పను, చెబితే ఇక్కడ కూడా రెండు పార్టీలవుతారు. మా ఇంటికీ మా పెదనాన్న ఇంటికీ మధ్య ఒక్క గోడ. 2021 ఫిబ్రవరి సర్పంచి ఎలక్షన్‌లో నాన్న ఒకరికి ఏజెంటు, పెదనాన్న ఇంకొకరికి ఏజెంటు. ఆ సాయంత్రం నుంచి మాటల్లేవు. 2024 మే 13 పోలింగ్ తర్వాత మా జిల్లాలో జరిగిన గొడవలు, వాటి మీద ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేయడం అందరూ చూసిందే. మా ఊళ్లో అంత కాకపోయినా పికెట్ పెట్టారు. వయసు పిల్లలు సగం మంది అమ్మమ్మల ఊళ్లలో తలదాచుకున్నారు. శ్రీరామనవమికి రెండు పందిళ్లు, వినాయక చవితికి ఇద్దరు వినాయకులు, టీ కొట్లు కూడా రెండు.

ఇప్పుడు రెండు పక్కల పెద్దలూ కూర్చుని ఏకగ్రీవం మాట తెచ్చారు. సర్పంచి ఒక పక్కకి, ఉప సర్పంచి అవతలి పక్కకి, వార్డులు చెరి సగం. నాకు బాగానే ఉంది అనిపించింది. మాఘంలో చెల్లి పెళ్లి. పెదనాన్న రాకుండా పీటల మీద ఎట్లా కూర్చోబెడతాం? ఈ మాటే మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో అంటే ప్రజాస్వామ్యాన్ని చంపేస్తున్నావని నలుగురూ మీద పడ్డారు. తప్పేంటో మీరన్నా చెప్పండి.

ఊరొదిలినోడు

తప్పేం లేదు, చేసేయండి. తలకాయలు పగలడం కంటే నయం. పైగా ప్రోత్సాహకం ఉంటుంది. 2021లో 2 వేల లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, 5 వేల లోపు అయితే 10, 10 వేల లోపు అయితే 15, ఆపైన 20 లక్షలు ప్రకటించారు. కొట్టుకోకుండా ఉన్నందుకు డబ్బులిస్తామంటే ఎవరైనా వద్దంటారా?

ఎనిమిదో వార్డు

నేను 2021లో ఏకగ్రీవంగా గెలిచిన వార్డు మెంబర్ని. గెలిచాను అనడమూ తప్పే, నన్ను కూర్చోబెట్టారు. నామినేషన్ ముందు రోజు రాత్రి మా ఆయన్ని పిలిచి చెప్పారు, పొద్దున వచ్చి సంతకం పెట్టాను. నా మీద ఇంకొకామె నిలబడదామనుకుంది. ఉపాధి పనిలో మస్టర్ రాసేవాడు వాళ్లింటికి వెళ్లి రెండు ముక్కలు మాట్లాడి వచ్చాడు. ఆమె ఆగిపోయింది. పేపర్లో మాత్రం 'గ్రామస్తుల ఐక్యత' అని వేశారు, నా ఫోటో కూడా పడింది.

ఐదేళ్లూ ఆమె నాతో సరిగా మాట్లాడలేదు. పోటీ జరిగి ఆమె ఓడిపోయి ఉంటే నాలుగు నెలలకు మళ్లీ కలిసిపోయేవాళ్లం.

తమ్ముడూ, నువ్వు పెద్దలు కూర్చున్నారు అన్నావు. ఎక్కడ కూర్చున్నారు, ఎవరు కూర్చున్నారు? గుడి అరుగు మీదయితే మా వీధి వాళ్లు ఎంతమంది ఉన్నారు? నలుగురిలో చేతులెత్తమంటే మేం ఎవరి పొలంలో కూలికి పోతామో వాళ్ల మొహం చూసే ఎత్తుతాం. ఎవరికీ కనపడకుండా 'నువ్వొద్దు' అనడానికి మాకు ఐదేళ్లకోసారి ఆ అట్టపెట్టె చాటు ఒక్కటే ఉంది. దాన్ని కూడా మీ చెల్లి పెళ్లికి చదివించమంటున్నావు.

ఊరొదిలినోడు

అక్కా, ఆ చివరి మాట కొంచెం ఎక్కువైంది.

ఎనిమిదో వార్డు

అయితే అయింది.

రిటైర్డ్ మాస్టారు

ఆవేశాలు పక్కన పెడదాం. ఏకగ్రీవం అనగానే బెదిరింపే అనుకోనక్కర్లేదు. మహారాష్ట్రలో హివ్రే బజార్ ఉంది. 1989లో పోపట్‌రావ్ పవార్‌ను ఏకగ్రీవంగా సర్పంచిని చేసుకున్నారు. ఆ తర్వాత 30 ఏళ్లు అక్కడ పోటీ లేదు. కరువు ఊరు నీళ్ల ఊరైంది, వలస పోయినవాళ్లు తిరిగొచ్చారు, ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గుజరాత్ 2001 నుంచి 'సమరస్' పేరుతో ఏకగ్రీవ గ్రామాలకు నిధులిస్తోంది. పార్టీ రాజకీయం ఊళ్లోకి రాకూడదన్నది వినోబా భావే కాలం నుంచీ ఉన్న ఆలోచన. మన చట్టం కూడా సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులు ఇవ్వదు కదా. ఎంపీటీసీ, జడ్పీటీసీలకే పార్టీ గుర్తులు.

పోలింగ్ డ్యూటీ

మాస్టారూ, హివ్రే బజార్ కథ సగంలో ఆపేశారు. 2021 జనవరిలో అక్కడ పోటీ జరిగింది. పవార్ గారి ప్యానెలే గెలిచింది. పోటీ జరిగినందుకు ఆ ఊరి చెరువు ఎండిపోలేదు. మంచి సర్పంచికి పోటీ అంటే భయం ఉండదు అనడానికి ఆ ఊరే సాక్ష్యం.

గుర్తుల సంగతంటారా, సర్పంచికి ఉంగరం, కత్తెర లాంటివి ఇస్తారు నిజమే. గుర్తు ఉంగరమే, వేలు మాత్రం పార్టీది. మన రాష్ట్రంలో ఇది తెలియని ఓటరు లేడు.

సీమ పిల్లోడు

మా తాత కాలంలో మా ఊర్లో ఎప్పుడూ ఏకగ్రీవమే. గొడవల్లేని ఊరనుకుంటారేమో. అవతలోళ్లు ఊర్లోనే ల్యాకపోయిరి.

నాగులేటి గట్టు

సీమ అన్నా, ఆ ఒక్క ముక్కతో నా నోరు పడిపోయింది. కానీ మాది అట్లా కాదు. మా ఊళ్లో రెండు పక్కలా సమానంగా ఉన్నారు. 2021లో సర్పంచి మెజారిటీ 40 ఓట్లు కూడా లేదు. ఎవరూ ఎవర్నీ వెళ్లగొట్టలేరు. అందుకే ఒప్పందం అంటున్నాం, లొంగుబాటు కాదు.

ఓరుగల్లు పోరడు

మా తెలంగాణ దిక్కు ఇంకో తీరుంటది. ఏకగ్రీవం అని పేరు, లోపల వేలంపాట. గుడికి ఎవరు ఎక్కువ ఇస్తనంటే వాళ్లే సర్పంచి. అట్ల చేసుడు నేరమని ఎన్నికల సంఘం ఎన్నిసార్లు చెప్పినా ఆగదు. పాటల లక్షలు పెట్టినోడు గుడి కోసం పెట్టిండా? అయిదేండ్లల్ల మోరీల బిల్లులకెళ్లి తీసుకుంటడు.

గట్లని పోటీ శుద్ధంగ ఉంటదని అంటలేను. మా దగ్గర 5 వేల లోపు జనాభా ఉంటే సర్పంచి ఖర్చు లిమిట్ లక్షన్నర. ఆ లెక్క చూసి మా ఊర్ల చిన్నపిల్లలు సుత నవ్వుతరు.

ఇంకోటి. సర్పంచి ఒక పక్క, ఉప సర్పంచి ఒక పక్క అంటున్నవ్ కదా. మా 2018 చట్టంల ఇద్దరికీ కలిపి చెక్ పవర్ ఇచ్చిన్రు. ఒకలు సంతకం పెడితే ఇంకొకలు పెట్టరు, బల్బు మార్చనీకి గూడ పంచాయితీ. కాయిదం మీద సగం సగం మంచిగనే కొడ్తది.

రిటైర్డ్ మాస్టారు

మీ పక్కనే గంగదేవిపల్లి ఉంది కదా బాబూ. ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని ఊరంతా కలిసి నడిపించుకుంటారని దేశమంతా వచ్చి చూసి వెళ్లింది.

ఓరుగల్లు పోరడు

ఉన్నది సార్. అక్కడ గొప్పతనం కమిటీలది. నీళ్లకో కమిటీ, చెత్తకో కమిటీ అని మంది సగం ఏదో ఒక కమిటీల ఉంటరు. సర్పంచి కుర్చీ ఎట్ల నిండిందన్నది తర్వాత ముచ్చట.

పోలింగ్ డ్యూటీ

2021లో నాలుగు విడతల్లో మూడు విడతలు డ్యూటీ చేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

మొదటి విడతలో 3,249 పంచాయతీలకు నోటిఫికేషన్ వస్తే 525 ఏకగ్రీవం. నాలుగు విడతలూ కలిపి 2,197. అంటే 13 వేల పైచిలుకు ఊళ్లలో ఆరింట ఒక ఊళ్లో బ్యాలెట్ పెట్టె తెరవలేదు. ఇవన్నీ బెదిరింపులు కావు. నిజంగానే మాట్లాడుకుని పెట్టుకున్న ఊళ్లు నాకు తెలుసు. కానీ అప్పటి ఎన్నికల కమిషనర్ రమేశ్ కుమార్ చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవాల ప్రకటన ఆపి నివేదికలు అడిగారు, దాని మీద పెద్ద రగడే అయింది. నాగులేటి తమ్ముడికి గుర్తు చేయక్కర్లేదు, మీ పల్నాడు 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాలోదే.

ఎనిమిదో వార్డు అక్క చెప్పిన చాటు గురించి ఒక మాట. ఆ చాటు మీరనుకున్నంత చాటు కాదు. గులాబీ కాగితం సర్పంచికి, తెల్లకాగితం వార్డుకి. తెల్లవి వార్డు వారీగానే లెక్కపెడతాం. నూట ఎనభై ఓట్ల వార్డులో ఏజెంటు దగ్గర ముందే ఇంటింటి లెక్క ఉంటుంది. మూడు ఓట్లు తగ్గితే ఏ గడపలో తగ్గాయో రాత్రికల్లా తేల్చేస్తారు. ఒక ఊళ్లో మూడున్నరకి పోలింగ్ ముగించి నాలుగింటికి లెక్కింపు మొదలుపెట్టాం. ఒక వార్డులో ఇద్దరికీ సమానం వచ్చి చీటీ తీశాం. ఆ చీటీలో ఓడినామె ఏడుస్తూ నిలబడింది, గెలిచినామె ఆవిడకి మంచినీళ్లు ఇచ్చింది. బయట వాళ్ల మగవాళ్లు మాత్రం ట్రాక్టరు దగ్గర కర్రలు దించుతున్నారు. ఏది నిజమైన ఊరు అంటే రెండూ నిజమే.

ఎనిమిదో వార్డు

చాటు చిల్లులు పడిందని తీసేస్తారా, కుడతారా? అనుమానం వేరు, చేయెత్తడం వేరు. ఆ మూడు ఓట్లు ఎవరివో వాళ్లు తేల్చుకున్నా, 'మేం మీకే వేశాం' అని దబాయించే హక్కు నాకుంటుంది. చేతులెత్తిన చోట అది లేదు.

ఊరొదిలినోడు

ఒక్క పేరే ఉన్నా నోటాతో పోటీ పెట్టొచ్చుగా? హర్యానా, మహారాష్ట్రల్లో 2018లోనే స్థానిక ఎన్నికల్లో నోటాని ఒక అభ్యర్థి లాగా లెక్కేస్తామన్నారు. ఏకగ్రీవం కావాలనుకున్న ఊరు కూడా పెట్టె ముందు నిలబడి అవునో కాదో చెప్తే సరి. నేను మొదట చేసేయండి అన్నాను కానీ అక్క చెప్పాక కొంచెం తగ్గాను.

నాగులేటి గట్టు

చదివాను అందరివీ. ఒక విషయం చెప్పలేదు, సిగ్గేసి. పెద్దల ఒప్పందంలో ఇంకో ముక్క ఉంది. సర్పంచి పదవి కూడా రెండున్నరేళ్లు వాళ్లు, రెండున్నరేళ్లు మేము. స్టాంపు పేపరు మీద రాసుకుంటారంట.

పోలింగ్ డ్యూటీ

ఆ స్టాంపు పేపరు కొన్న డబ్బులు దండగ. సర్పంచిని జనం నేరుగా ఎన్నుకుంటారు కాబట్టి అవిశ్వాసం పెట్టే వీల్లేదు, అది ఉప సర్పంచి మీదే పెట్టొచ్చు. కలెక్టరు తప్పించాలంటే నిధుల దుర్వినియోగం లాంటిది రుజువు కావాలి. మాట తప్పడం దుర్వినియోగం కిందకి రాదు. రెండున్నరేళ్లకి ఆయన దిగనంటే మీ ఊళ్లో ఏ కర్రలు లేస్తాయని భయపడుతున్నారో అవే లేస్తాయి, కాకపోతే పికెట్ ఉండదు.

రిటైర్డ్ మాస్టారు

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ షరతు మాత్రం వద్దు.

ఎనిమిదో వార్డు

అసలు సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఊళ్లో పగలు ఓటు వల్ల వచ్చాయా? ఓటు అయ్యాక ఏం జరిగిందో చూడండి. ప్రభుత్వం మారగానే బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె మారిపోద్ది. ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు మారతాడు. రేషన్ డీలరు మీద కేసు రాస్తారు. ఎవరి పక్క గెలిస్తే వాళ్ల పొలాలకి డొంక బాగుపడుద్ది, అవతలోళ్ల డొంక మోకాటి లోతు బురదే. ఓడిపోతే బతుకుదెరువు పోద్ది కాబట్టే ఓడిపోకూడదని కర్రలు తీస్తున్నారు. ఓడినా వంటామె గరిట వంటామె చేతిలోనే ఉంటుందంటే ఎవరికి పట్టింది సర్పంచి ఎవరయితే?

పదవులు పంచుకోవడానికి గుడి దగ్గర కూర్చున్న పెద్దల్ని ఇది రాయమనండి. ఎవరు గెలిచినా, పైన ఏ ప్రభుత్వం వచ్చినా, ఈ ఊళ్లో చిన్న పనులు చేసుకునేవాళ్లని కదిలించబోమని. అది రాస్తే మా వీధి మొత్తం వచ్చి మీ ఏకగ్రీవానికి చేతులెత్తుతాం.

సీమ పిల్లోడు

రాయరు.

నాగులేటి గట్టు

పది రోజులైంది, నిన్న మీటింగ్ అయింది కాబట్టి మళ్లీ వచ్చాను. వార్డుల పంపకం పావుగంటలో అయిపోయింది, ఒకళ్లనొకళ్లు అన్నా తమ్ముడూ అనుకున్నారు. పల్నాడంటే అందరికీ కోడిపందెమే గుర్తొస్తది, నిన్న చూస్తే బ్రహ్మనాయుడి చాపకూడే అనుకోవాలి. అప్పుడు నేను లేచి అక్క చెప్పిన మాట అడిగాను. వంటామె, ఫీల్డ్ అసిస్టెంటు, రేషన్ షాపు, ఈ మూడూ ఐదేళ్లు కదిలించొద్దని పేపర్లో రాయమన్నాను. ఆ ఒక్క దగ్గర మాత్రం రెండు పార్టీలూ నిజంగా ఏకగ్రీవమయ్యాయి. అది మన చేతిలో లేదు, పైన ఎమ్మెల్యే చూసుకుంటాడని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. మా నాన్న నా చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

ఒప్పందం ఇంకా తేలలేదు. పెదనాన్న మీటింగుకే రాలేదు. చెల్లి పెళ్లి శుభలేఖ మాత్రం అమ్మ గోడ మీంచి పెద్దమ్మకి ఇచ్చింది, తీసుకుంది.

ఇంకో కబురు. మా ఊళ్లో ఎవరో నాలుగేళ్ల ఇంటి పన్ను బకాయి మొత్తం ఒకేసారి కట్టి రసీదు తీసుకున్నారంట. నామినేషన్ వేసే ఉద్దేశం లేకపోతే ఎవరూ ఆ పని చెయ్యరు. రెండు పార్టీల వాళ్లూ ఎవరా అని ఆరా తీస్తున్నారు. నాకు ఒకరి మీద అనుమానం ఉంది.

ఎనిమిదో వార్డు

ఇక్కడ రాయకు తమ్ముడూ. మీ నాన్నకి కూడా చెప్పకు.