కుజ్మొలోవోలో రూము, పీటర్స్‌బర్గ్‌లో కాలేజీ: రోజూ పోయి రావచ్చా?

మూసీ ఒడ్డు, నల్గొండ:
అందరికీ నమస్తే. మా తమ్ముడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పిల్లల వైద్య విశ్వవిద్యాలయంలో చదువుతున్నడు. కాలేజీ వీబర్గ్‌స్కయా మెట్రో దగ్గర. ఇప్పుడు హాస్టల్ ఖాళీ చేసి, ఇంకో ఇద్దరితో కలిసి బయట ఉంటమంటున్నరు. నగరానికి ఉత్తరాన కుజ్మొలోవో అనే చిన్న ఊర్ల కిరాయి తక్కువని ఒక ఫ్లాట్ చూసిన్రు. అడ్వాన్స్ కట్టే ముందు ఏమేం చూసుకోవాలె? రైళ్లు ఎట్లుంటయి? వంటకు, చలికి ఇబ్బంది ఉంటదా?

దేవరకొండ బాట:
తమ్మీ, మన లెక్కల చెప్తే దెవ్యాత్కినో అంటే అక్కడి ఎల్‌బీనగర్. ఒకటో నంబర్ ఎర్ర లైనుకు ఉత్తరం కొసన ఆఖరి మెట్రో స్టేషన్, 1978ల తెరిచిన్రు. భూమి లోపల కాదు, పైననే ఉంటది, పక్కనే రైలు పట్టాలు. కుజ్మొలోవో దానికి హయత్‌నగర్ లాంటిది. దెవ్యాత్కినో దాటినంక లావ్రికి, కపీతొలోవో, మూడోది కుజ్మొలోవో. ఈ లోకల్ రైలును ఎలెక్త్రిచ్కా అంటరు.

మీ తమ్ముడు దెవ్యాత్కినోల దిగి మెట్రో ఎక్కితే ఆరో స్టేషన్ వీబర్గ్‌స్కయా. లేదంటే దిగకుండ నగరంల ఉన్న ఫిన్లాండ్ స్టేషన్ అనే పెద్ద రైల్వే స్టేషన్ దాకా పోయి, అక్కడి ప్లోషద్ లేనినా మెట్రో నుంచి ఒక్క స్టేషన్ వెనక్కి రావాలె. చలికాలం మొదటి దారే మంచిది. మెట్రో కోసం బయట నిలబడే పని ఉండదు.

దూరం పెద్ద కష్టం కాదు, కష్టమంతా టైం టేబుల్‌తోనే. పనిరోజుల్ల పగటి పూట పట్టాల మరమ్మతుకు రైళ్లు చాలాసేపు ఆపుతరు, దాన్ని ‘అక్నో’, అంటే కిటికీ అంటరు. పొద్దున క్లాసు అయిపోయి మధ్యాహ్నం ఇంటికొస్తమనుకుంటే ఆ గ్యాప్‌ల ఇరుక్కుంటరు. యాండెక్స్ అనే రష్యా యాప్ టైం టేబుల్‌ల మూడు మాటలు గుర్తుపట్టాలె: ‘యెజెద్నేవ్నా’ అంటే రోజూ, ‘పా రబోచిమ్’ అంటే పనిరోజులే, ‘పా విఖద్నీమ్’ అంటే సెలవు రోజులే. శనివారం క్లాసుకు పనిరోజు రైలు చూసుకొని పోతే ప్లాట్‌ఫాం మీద ఎవరూ ఉండరు. టికెట్ దిగేదాక పారేయొద్దు, బయటికి పోయే గేటు దగ్గర కూడా కావాలె.

తర్వాతి సంవత్సరాలల్ల క్లాసులు నగరంల వేరే వేరే ఆసుపత్రుల్ల పడతయి. ఉదాహరణకు పెత్రోగ్రాద్‌స్కయా పోవాలంటే తెఖ్నొలొగీచెస్కీ ఇన్‌స్తితూత్‌ల లైను మారాలె. అక్కడ ఒక తిరకాసు ఉంది: ఒక హాలుల రెండు లైన్ల దక్షిణం బండ్లు, ఇంకో హాలుల రెండింటి ఉత్తరం బండ్లు ఆగుతయి. దిగి ఎదురుగ ఉన్న బండి ఎక్కితే కూప్చినో దిక్కు, అంటే దక్షిణానికే పోతరు. అవతలి హాలుకు పోయి ఎక్కితే పెత్రోగ్రాద్‌స్కయా నాలుగో స్టేషన్.

రాత్రి సంగతి కూడ చెప్తా. అర్ధరాత్రి దాటితే మెట్రో బంద్. ఎండాకాలం ఓడల కోసం నేవా నది వంతెనలు రాత్రిళ్లు పైకి లేపుతరు. దక్షిణం గట్టున ఆలస్యమైతే టాక్సీకి పైసలున్నా ఇటు దాటడం కష్టమే.

పాలమూరు రేగడి:
రైలు సంగతి అన్న బాగా చెప్పాడు. కానీ అడ్వాన్స్ కట్టే ముందు తేల్చుకోవాల్సింది రిజిస్ట్రేషన్, అంటే విదేశీయుడు ఏ ఇంట్లో ఉంటున్నాడో అక్కడి ప్రభుత్వం దగ్గర నమోదు చేయడం. పీటర్స్‌బర్గ్, లెనిన్‌గ్రాద్ ప్రాంతం రెండూ వేర్వేరు పాలనా విభాగాలు. కుజ్మొలోవో రెండో దాంట్లో, వ్సెవలోజ్‌స్క్ జిల్లాలో ఉంది. హాస్టల్‌లో ఉన్నంత కాలం ఈ పని యూనివర్సిటీ చేస్తుంది. బయటికి వస్తే ఇంటి ఓనరే చెయ్యాలి. చేరిన నాటి నుంచి 7 పనిదినాల్లోపు ‘మోయి దొకుమెంతీ’ అనే ప్రభుత్వ సేవా కేంద్రంలోనో, పోస్టాఫీసులోనో అరైవల్ నోటీసు ఇవ్వాలి. ఓనర్ పాస్‌పోర్టు, ఇంటి కాగితం, మీవాడి పాస్‌పోర్టు, వీసా, దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చే మైగ్రేషన్ కార్డుల నకళ్లు కావాలి. ముద్ర కొట్టిచ్చిన నోటీసు కింది ముక్కను మీ తమ్ముడు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఇండియాకు వచ్చి తిరిగి వెళ్లిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ మొదటి నుంచే.

మూసీ ఒడ్డు:
ఓనరు ‘హాస్టల్ రిజిస్ట్రేషనే ఉంచుకోండి, ఇక్కడ అక్కర్లేదు’ అన్నడట. నడుస్తదా?

పాలమూరు రేగడి:
నడవదు, దయచేసి ఒప్పుకోవద్దు. ఉంటున్నది ఒకచోట, కాగితం ఇంకోచోట అంటే ఉల్లంఘనే. మాస్కో, పీటర్స్‌బర్గ్, వాటి చుట్టుపక్కల ప్రాంతాలకు చట్టంలో ప్రత్యేకంగా కఠినమైన క్లాజు ఉంది: జరిమానాతో పాటు దేశం నుంచి పంపించేస్తారు. డబ్బులకు రిజిస్ట్రేషన్ చేసిపెడతామనే ప్రకటనల జోలికి అసలే పోవద్దు, దొంగ రిజిస్ట్రేషన్ చేయడం అక్కడ క్రిమినల్ నేరం.

ఓనర్లకు రెండు భయాలు. ఒకటి కిరాయి మీద పన్ను, రెండోది అద్దెవాడికి ఇంటి మీద హక్కు వస్తుందేమోనని. రెండోది వట్టి అపోహ, తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో ఏ హక్కూ రాదు. ఈ మాట వివరించి, ఒప్పందంలోనే ‘రిజిస్ట్రేషన్ ఓనర్ చేయిస్తాడు’ అని ఒక వాక్యం రాయించండి. ఒప్పందం చాలాచోట్ల 11 నెలలకే రాస్తారు, ఏడాది గానీ అంతకు మించి గానీ అయితే ప్రభుత్వ నమోదు కావాలి కాబట్టి. ఇల్లు మారే ముందే యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల విభాగానికి కొత్త అడ్రసు చెప్పాలి. వీసా పొడిగించేది వాళ్లే.

డబ్బు ఇక్కడి కార్డులతో నడవదు. 2022 మార్చి నుంచి బయటి దేశాల్లో ఇచ్చిన వీసా కార్డులు, మాస్టర్‌కార్డులు అక్కడ పనిచేయడం లేదు. అడ్వాన్స్ నగదుగా కాకుండా కట్టాలంటే అక్కడి బ్యాంకు ఖాతా ఉండాలి.

జొన్నరొట్టె అక్క, వనపర్తి:
ఇంటి విషయాలు నేను చెప్తా. చేరిన రోజే నీళ్ల మీటర్లు, కరెంటు మీటరు ఫొటోలు తీసి ఓనరుకు పంపాలె. కిరాయిల ఏమేం కలిసున్నయి, మీటర్ల బిల్లు ఎవరిది అన్నది రాసుకోవాలె. లేకపోతే పాత బాకీ మీ మీద పడతది. రెండు రేట్ల కరెంటు మీటరుంటే రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా రేటు తక్కువ, బట్టల మిషన్ అప్పుడు వేసుకోండి.

హీటింగ్ మన చేతుల ఉండదు. వరుసగ 5 రోజులు సగటు ఉష్ణోగ్రత 8 డిగ్రీల కన్న తక్కువుంటే అప్పుడు పైపులల్ల వేడినీళ్లు వదులుతరు. అప్పటిదాక ఇల్లు సల్లగనే ఉంటది, ఒక చిన్న హీటరు, మందం దుప్పటి ఉండాలె. ఎండాకాలంల పైపుల పరీక్షకని రెండు వారాల దాక వేడినీళ్లు బంద్ చేస్తరు.

స్టవ్ అద్దం పలక కరెంటుదైతే గుండ్రటి అడుగు కడాయి, వంగిన పెనం దాని మీద వేడెక్కవు. అడుగు చదునుగ ఉన్న మందపాటి పెనం పంపండి, జొన్నరొట్టె మంచిగ పొంగుతది. స్టవ్ పలక మీద రొట్టె కొట్టొద్దు, అది పగులుతది. పీట మీద చేసి వెయ్యాలె. మిక్సీ మూడు పుల్లల ప్లగ్గు అక్కడి సాకెట్ల పట్టదు, మంచి అడాప్టర్ ఇక్కడే కొనండి. వోల్టేజీ మాత్రం దాదాపు మనదే, 220-230.

దేవరకొండ బాట:
ఇంకొకటి. డిసెంబరుల అక్కడ సూర్యుడు దాదాపు 10కి వస్తడు, 4 కాకముందే పోతడు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు చీకటే. ఊరి బయట రోడ్డు మీద చీకట్ల నడిస్తే వెలుగు పడితే మెరిసే పట్టీ బట్టల మీద ఉండాలె, 2015 నుంచి అది రూలు. పట్టాలు దాటేటప్పుడు టోపీ, ఇయర్‌ఫోన్లు తీసి రెండు దిక్కులా చూడాలె. ఒక బండి పోంగనే అడుగేస్తే దాని వెనక దాగిన రెండో బండి కనపడదు.

మూసీ ఒడ్డు:
అందరికీ దండాలు. ఓనరుతోని రిజిస్ట్రేషన్ మాట మళ్లీ అడిగిస్త. ఒప్పుకోకపోతే దెవ్యాత్కినో మెట్రో పక్కన మూరినోల చూస్తరు.

పాలమూరు రేగడి:
మూరినో కూడా లెనిన్‌గ్రాద్ ప్రాంతమే, అక్కడా ఓనర్‌తో ఇదే పని ఉంటుంది. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీలుస్తాయి. ప్రకటనలో ‘మెట్రోకు 5 నిమిషాలు’ అని ఉంటే, ఇల్లు పట్టాలకు ఏ వైపు ఉందో మ్యాపులో చూసి, నడక దారి పెట్టి కొలవమనండి. పేరు చూసి కూడా మోసపోవద్దు: మూరినో అనే రైలు స్టేషన్ వేరు, నగరం దిక్కు నుంచి వస్తే మెట్రో ఉన్న దెవ్యాత్కినో దాని తర్వాతిది.