హన్మకొండ నుంచి ఖిలా వరంగల్ దాకా నడక: వరుస ఎట్లుండాలె?

శిల్పం, కట్టడం చూడ్డానికే ఒక రోజు నడక వేస్తున్నాం, నలుగురం. దారి తెలిసినవాళ్లు సరిచేయండి.

పొద్దున ఆరున్నరకు వేయి స్తంభాల గుడి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి: రుద్రేశ్వరుడు, విష్ణువు, సూర్యుడు. నల్లరాతి స్తంభాల సన్నని చెక్కుడు ఏటవాలు వెలుతురులోనే తేలుతుంది, నడినెత్తి ఎండలో అంతా చదునుగా కనిపిస్తుంది. చెప్పులు విప్పాలి కాబట్టి బండ కాలకముందే ముగించాలె. తర్వాత పద్మాక్షి గుట్ట మీద జైన తీర్థంకరుల శిల్పాలు, అక్కణ్నుంచి భద్రకాళి చెరువు కట్ట.

చిక్కు ఇక్కడే. కోట ఇంకా చాలా దూరం, నడుమంతా ట్రాఫిక్ రోడ్డు. ఈ ముక్క ఆటోలో పోయి, బయటి మట్టికోట దగ్గర దిగి, లోపలి రాతికోట దర్వాజా గుండా నడిచి, నడుమనున్న నాలుగు రాతి తోరణాల (ద్వారాల) దగ్గరికి చేరితే కోట పొరలు ఒక్కొక్కటిగా అర్థమవుతాయని మా ఆలోచన. నేరుగా తోరణాల ముందు దిగితే ఆ అమరికే తెలియదు. ఇది మంచిదేనా?

అడగాల్సినవి:
మట్టికోట ఏ దిక్కు నుంచి నడక సులువు, ముళ్లకంపలు లేకుండా?
కోటలోని ఖుష్ మహల్ లోపలి శిల్పాలు చూడాలి. మధ్యాహ్నం తాళం వేస్తారా? దాని వాలు గోడలు సాయంత్రం బాగా కనిపిస్తాయి గనుక చివరికి పెట్టుకున్నాం.
నాలుగు తోరణాల్లో పొద్దువాలే వేళ దేని చెక్కుడు మీద వెలుగు పడుతుంది?
నీళ్లు, నీడ ఎక్కడెక్కడ దొరుకుతాయి? మాలో ఒకరికి మోకాళ్ల నొప్పి, గుట్ట మెట్లు ఎన్నో కూడా చెప్పండి.