పూరీ ఆనందబజార్లో ధరల బోర్డు ఉండాలా, వద్దా?

గిరిరోడ్డు:
నాకు దేవుడి మీద పెద్ద గురి లేదు. ఇంట్లోవాళ్ళకి తోడుగా వెళ్తాను, గుడి కట్టడం చూస్తాను. కనక ఇది భక్తుడి మాట కాదు, జేబులో చెయ్యి పెట్టేవాడి మాట. బరంపురం నుంచి పూరీ వెళ్ళేవాళ్ళకి డబ్బు ఎక్కడ జారిపోతుందో రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి.

సింహద్వారానికి ముందే ఎవరో ఒకరు ఊరు, ఇంటిపేరు అడుగుతూ వెంట నడుస్తారు. యాత్రీపండాలు, అంటే యాత్రికుల్ని చూసుకునే పూజారులు, ఊళ్ళవారీగా వంశాల బహీలు (చిట్టా పుస్తకాలు) రాసుకుంటారన్నది నిజమే. కానీ అడిగిన ప్రతివాడి దగ్గరా బహీ ఉండదు. పేరు చెప్పారా, బేరం ఒప్పుకున్నట్టే. బైసీ పహచ 22 మెట్లూ ఎక్కాక, ప్రాకారంలో చిన్న గుళ్ళు బోలెడు. ఒక్కోదాని ముందు ఆగితే ఒక్కో నోటు. ఇవి రెండూ మనం కాదంటే ఆగుతాయి. ఆగనిది ఆనందబజారు, గుడి ఆవరణలో ప్రసాదం అమ్మేచోటు. అన్నం కుండ ఎంత, దాలి (పప్పు) ఎంత అన్నది నోటిమాటే. దేవుడి ప్రసాదం అమ్ముతున్నప్పుడు ధర రాసి పెట్టడానికి ఏం అడ్డం?

లెక్కల మాస్టారు:
బాబూ, "ప్రసాదం అమ్ముతున్నారు" అన్నదగ్గరే లెక్క తప్పింది. గుడి ఖర్చుతో వండేది కోఠ భోగం. ఆనందబజారుకి దిగేదాంట్లో ఎక్కువ భాగం సువారలు, అంటే గుడి వంటవాళ్ళు, సొంత సరుకుతో వండి భోగమండపంలో నివేదన పెట్టించినది. జగన్నాథుడికి, ఆ తరవాత గుడి ఆవరణలోనే ఉన్న విమలమ్మకి చూపించాకే అది మహాప్రసాదం. బియ్యం సువారది, కుండ సువారది, మిగిలితే నష్టమూ అతనిదే. కుండ మళ్ళీ వాడరు, రేపటికి కొత్త కుడువా (మట్టికుండ). ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టమాటా లోపలికి రావు. కట్టెల పొయ్యి మీద ఒకదానిపై ఒకటి కుండలు పేర్చి ఆవిరికి ఉడికిస్తారు.

ధర ఎందుకు నిలవదో విను. పొయ్యి వెలిగించేటప్పుడు జనం ఎంతమందో తెలీదు. నీతి ఆలస్యమైందంటే, అంటే పూజల వరస వెనకబడిందంటే, మధ్యాహ్న ధూపం, అంటే మధ్యాహ్న నివేదన, జరిగి కుండలు బయటికొచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఆకలిమీదున్న జనం ఒక్కసారి మీదపడతారు, ధర ఎక్కుతుంది. రాత్రికి మిగిలింది అదే ధరకి ఎవరు కొంటారు? ఎండాకాలంలో దాలి ముందు పులుస్తుంది, అన్నం ఇంకాస్త ఆగుతుంది. పొద్దున్న ఒక ధర, రాత్రి ఒక ధర. బోర్డు మీద ఏది రాస్తావు?

ఇచ్ఛాపురం గేటు:
తిరుపతి లడ్డూకి 50 ఇస్తే భక్తి, పూరీ కుడువాకి ఇస్తే దోపిడీ. బాగుంది.

గిరిరోడ్డు:
లడ్డూ 50 అని రాసి ఉంటుంది. నేనడిగేదీ అంతే.

పర్లాకిమిడి కోడలు:
మీ గొడవ మీది గానీ, వెళ్ళేవాళ్ళకి పనికొచ్చేవి రాస్తాను. తోలు వస్తువు లోపలికి వెళ్ళదు. మగవాళ్ళు చెప్పులు గుర్తుంచుకుంటారు, బెల్టు, పర్సు మర్చిపోతారు. నోట్లు విడిగా చొక్కా జేబులో పెట్టుకోండి, అందులోనూ చిన్న నోట్లు. 2024 జనవరి 1 నుంచి దుస్తుల నియమం ఉంది: నిక్కర్లు, చిరుగుల జీన్సు, చేతుల్లేని జాకెట్లు కుదరవు. అదే ఏడాది జూన్ 13న నాలుగు ద్వారాలూ తెరిచారు కాబట్టి, చెప్పులూ ఫోనూ ఏ ద్వారం దగ్గర వదిలారో గుర్తుంచుకోండి. తూర్పు సింహం, దక్షిణం అశ్వం, పడమర వ్యాఘ్రం, ఉత్తరం హస్తి. తూర్పున వదిలి ఉత్తరాన తేలితే మధ్యాహ్నపు ఎండలో ఒట్టికాళ్ళతో గోడ చుట్టూ నడవాలి. తోపులాట పడలేనివాళ్ళు గరుడ స్తంభం దగ్గర నుంచే చూడొచ్చు. స్నానపూర్ణిమ తరవాత రథయాత్ర దాకా అనసర, అంటే స్వామి చాటున ఉండే రోజులు, విగ్రహాల దర్శనమే ఉండదు. ఆ పదిహేను రోజులూ జనం బ్రహ్మగిరి అలార్‌నాథ్‌కి వెళ్తారు. టికెట్లు తీసేముందు పంచాంగం చూసుకోండి.

గిరిరోడ్డు:
మాస్టారూ, 2018లో సుప్రీంకోర్టే చెప్పింది, సేవకులు కానుకలు నేరుగా తీసుకోకూడదు, అన్నీ లెక్కలోకి రావాలని. తిరుపతి, ధర్మస్థల, వైష్ణోదేవి ఏర్పాట్లు కూడా పరిశీలించమంది. కోర్టు అంటే తీర్పు, నేనంటే నాస్తికత్వమా?

లెక్కల మాస్టారు:
కోర్టు చెప్పింది కానుకల గురించి, కుడువా గురించి కాదు. ఆ ఏడాదే క్యూ పద్ధతి పెడితే అక్టోబర్ 3న పూరీలో బంద్, గొడవలు. తిరుపతి పేరెత్తే ముందు ఒకటి తెలుసుకో. అక్కడ అర్చకుల మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, 1987 చట్టంతో పోయింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అర్చకుడు జీతగాడయ్యాడు. పూరీలో 1955 చట్టం వచ్చి నిర్వహణ సర్కారు చేతికి వెళ్ళినా, ఛత్తీసా నిజోగ (ముప్ఫైఆరు సేవకుల వర్గాల) సేవలూ హక్కులూ రికార్డులో రాసి ఉన్నాయి. ఇవాళ బోర్డు అంటావు, రేపు హక్కు పీకమంటావు.

గిరిరోడ్డు:
హక్కు పీకమన్నానా? బోర్డు అన్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి రాసుకోండి, సుద్దముక్కతో పలకమీద రాసినా చాలు. కూరగాయల బండివాడు రాస్తున్నాడు.

లెక్కల మాస్టారు:
జగన్నాథుడి వంటని కూరగాయల బండితో పోల్చేవాడితో ఏం మాట్లాడతాం? ఉండేది గంజాంలో, మనసు మాత్రం బోర్డరవతల.

గిరిరోడ్డు:
ఇదిగో, ఈ మాట కోసమే చూస్తున్నాను. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు కింద ఉంది. మన తెలుగువాళ్ళు ఎక్కడికీ వలసపోలేదు, సరిహద్దు గీతే కదిలింది. ఒడియా చదవడం, రాయడం అన్నీ వచ్చు. అయినా ధర నోట్లో ఉండే ఏ బజార్లోనైనా మన యాస చెవినపడగానే లెక్క మారుతుంది. మీరూ ఇప్పుడదే చేశారు. రాసిన ధరకి యాస తెలీదు. అందుకే బోర్డు.

ఛత్రపురం:
మాస్టారూ, ఆ చివరి వాక్యం మీరు రాయాల్సింది కాదు.

లెక్కల మాస్టారు:
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా భయం కూడా విను. బోర్డు వెనక కౌంటరు వస్తుంది, కౌంటరుకి టోకెను, టోకెనుకి ప్యాకెట్టు. ఇవాళ ఆనందబజార్లో ఏ కులంవాడైనా నేలమీద కూర్చుని ఒకే కుండలోంచి తింటాడు, ఎంగిలి పట్టింపు లేదు. ప్యాకెట్టు చేతికొస్తే ఎవడి గదికి వాడు పోతాడు. నీకు యాస బాధ, నాకు ఆ కూర్చోడం పోతుందని బాధ.

గిరిరోడ్డు:
గదికి పట్టుకెళ్ళేవాళ్ళు ఇప్పుడూ పట్టుకెళ్తున్నారు. కూర్చునేవాణ్ణి పలకమీద అంకె లేపేస్తుందా?

పర్లాకిమిడి కోడలు:
ఇంత రాశారు, దాలి కుండ ఎంతో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.

అంబపువా:
ఏటండీ ఇది, నేను వేరేది అడుగుదామని వచ్చాను. వచ్చే బుధవారం అమ్మావాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

లెక్కల మాస్టారు:
బుధవారమో గురువారమో బనకలాగి పడుతుంటుంది, స్వామి ముఖానికి రంగులు దిద్దే సేవ. ప్రతి వారమూ ఉండదు. ఉన్నరోజు కొన్ని గంటలు దర్శనం ఆపేస్తారు. ముందే ప్రకటిస్తారు, చూసుకో. ఉందంటే ఖుర్దారోడ్డులో బండి మారడానికి పెద్దవాళ్ళని పరిగెత్తించకు, తరవాతి బండికే వెళ్ళండి.