త్రీ బాడీ ప్రాబ్లమ్: లోపాలున్నా ఐదో ఎపిసోడ్ నుంచి నాకు నచ్చింది. మీకు?

వనస్థలి_వసుధ:
నెట్‌ఫ్లిక్స్‌లో 2024 మార్చి 21న వచ్చిన ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ ఎనిమిది ఎపిసోడ్లూ నిన్న రాత్రితో పూర్తయ్యాయి. చూడనివాళ్ల కోసం కథ కాస్త చెబుతా. చైనా సాంస్కృతిక విప్లవంలో తండ్రిని కళ్లముందే కొట్టి చంపడం చూసిన యే వెన్‌జియే అనే శాస్త్రవేత్తకు మనుషుల మీద నమ్మకం పోతుంది. గ్రహాంతర జీవులను భూమికి రమ్మని పిలుస్తుంది. వాళ్లు రావడానికి నాలుగొందల ఏళ్లు పడుతుంది. ఈలోగా మన సైన్స్ ఎదగకుండా అడ్డం పడుతుంటారు.

లోపాలు ముందే ఒప్పుకోవాలి. ఆక్స్‌ఫర్డ్‌లో కలిసి చదివిన ఐదుగురు స్నేహితులట, భూమికి ముప్పొస్తే ముఖ్యమైన ప్రతి పనీ వాళ్లలో ఎవరో ఒకరి చేతికే వస్తుందట. నమ్మేలా లేదు. మొదటి రెండు ఎపిసోడ్లలో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్టు లేదు, మనకు పాఠం చెబుతున్నట్టుంది. ఆ ఐదుగురిలో ఒకరైన శాస్త్రవేత్త ఆగీ కళ్లముందు కౌంట్‌డౌన్ అంకెలు తిరుగుతుంటే పుట్టాల్సిన భయం పుట్టలేదు. రెండో ఎపిసోడ్ తర్వాత కొన్నాళ్లు వదిలేశా.

ఐదో ఎపిసోడ్ దగ్గర నా మనసు మారింది. పనామా కాలువలో ఓడను కంటికి ఆనని నానో తీగలతో పొరలు పొరలుగా కోసేస్తారు. ఓడలో పిల్లలున్నారు. ఆ తీగ కనిపెట్టింది ఆగీ. పని అయిపోయింది కదా అని ఆమెను అక్కడ వదిలెయ్యకుండా, ఆ పాపం మోస్తూ ఆమె ఎలా నలిగిపోయిందో కూడా చూపించారు. వాళ్లలోనే క్యాన్సర్‌తో పోతున్న విల్ కథ వచ్చేసరికి ఆ ఐదుగురూ నా మనుషులైపోయారు. లోపాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, అయినా ఈ సిరీస్ నాకు కావాలి. మీలో ఎవరికైనా ఇలా మెల్లగా ఎక్కిందా?

కూకట్‌పల్లి_కిరణ్:
ఐదో ఎపిసోడ్ బాగుండాలంటే ముందు నాలుగు గంటలు ఓర్చుకోవాలా? నా వల్ల కాదండీ.

ఆబిడ్స్_పాఠకుడు:
వసుధ గారూ, ఈ సిరీస్‌కు మూలమైన నవల చదివారా? చదివుంటే ఇలా రాసేవారు కాదు. ల్యూ సిషిన్ నవల చైనాలో 2008లో పుస్తకంగా వచ్చింది. 2014లో కెన్ లియూ ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు, 2015లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అందులో ఐదుగురు స్నేహితులెవరూ లేరు. వాంగ్ మియావ్ అనే ఒకే ఒక్క నానో పదార్థాల శాస్త్రవేత్త, అతని తికమక, అతని ఆలోచన. ఆ ఒక్క మనిషిని ముక్కలు చేసి తలా ఒకరికి పంచారు, బీజింగ్‌ను లండన్ చేశారు, మధ్యలో ప్రేమ కథ పెట్టారు. మీరు లోపం అంటున్నదాన్ని వాళ్లు కావాలనే చేశారు. ఆలోచించే పని చూసేవాళ్లకు పెట్టకూడదన్నది వాళ్ల ఉద్దేశం. మీకు ఐదో ఎపిసోడ్‌లో నచ్చిన ఓడ కూడా నవలలోదే.

లెక్చరర్_దిల్‌సుఖ్‌నగర్:
అసలు పునాదే తప్పు, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? నవల ప్రకారం ఆ జీవులది ఆల్ఫా సెంటారి అనే మూడు నక్షత్రాల మండలం, వాటి కదలిక అంతుపట్టని గందరగోళమట. అక్కడ ఏ, బీ అనే రెండు నక్షత్రాలు దాదాపు 80 ఏళ్లకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి 11 రెట్ల నుంచి 36 రెట్ల దాకా వాటి మధ్య ఎడం. మూడోది ప్రాక్సిమా, అది సుమారు 13,000 రెట్ల దూరాన ఉంది. ఒక చుట్టు తిరగడానికి దానికి ఐదు లక్షల ఏళ్లు పైనే పడుతుంది. ఇందులో గందరగోళం ఎక్కడుంది? మూడు నక్షత్రాలూ దగ్గరదగ్గరగా ఉండి ఒకదాన్నొకటి లాగితేనే కక్ష్యలు అలా చెదురుతాయి.

వనస్థలి_వసుధ:
లెక్చరర్ గారూ, కథలో ఒక్కటి నమ్మమని అడిగారు, నమ్మాను. మూడు వస్తువుల కదలికను ఎప్పటికీ లెక్కగట్టేసే మామూలు సూత్రం లేదని గణిత శాస్త్రవేత్త పాంకరే 19వ శతాబ్దంలోనే చూపించాడు కదా. ఆ భయం నిజమైనదే.

ఆబిడ్స్ గారూ, నవలలో ఏముందని నేను అడగలేదు. తెర మీద ఏముందో దాని గురించి రాశాను.

లెక్చరర్_దిల్‌సుఖ్‌నగర్:
పాంకరే చెప్పింది సమీకరణాల గురించి. నేనంటున్నది ఆల్ఫా సెంటారి గురించి. రెండూ వేరు. ఊరూ పేరూ లేని ఏదో నక్షత్ర మండలం అని ఉంటే నాకు గొడవే లేదు.

టోలిచౌకి_సలీం:
గూఢచార అధికారి వేడ్ పాత్ర వేసిన లియామ్ కనింగ్‌హామ్ కోసం చూడొచ్చు. మిగతాది నాకు పట్టలేదు.

మౌలాలి_మాధవి:
పాఠకుడు గారూ, నవలను మార్చడమే తప్పంటున్నారు కాబట్టి ఒక సంగతి. 1967లో ఆ తండ్రిని చంపే ఘట్టం మీరు చదివిన ఇంగ్లిష్ పుస్తకంలో మొదట్లోనే ఉంటుంది. చైనీస్ పుస్తకంలో అది మధ్యలో ఉంది. రచయిత ఒప్పుకునే ముందుకు తెచ్చారు. సిరీస్ కూడా అక్కడే మొదలవుతుంది. మార్చిన ప్రతిదీ చెడిపోతుందనుకోవద్దు.

ఆబిడ్స్_పాఠకుడు:
మాధవి గారూ, అధ్యాయం స్థానం మారితే ఆలోచన చావదు. కథలోని వీఆర్ గేమ్‌లో వచ్చే మనుషుల కంప్యూటర్ సన్నివేశం చూడండి. నవలలో చైనా చక్రవర్తి చిన్ షి హువాంగ్ సైన్యంతో న్యూటన్, గణిత శాస్త్రవేత్త వాన్ నాయ్‌మన్ కలిసి కంప్యూటర్ కడతారు. ముగ్గురు సైనికులు జెండాలు ఎత్తి దించుతూ ఒక లాజిక్ గేట్, అంటే కంప్యూటర్‌లో అవును, కాదు తేల్చే చిన్న భాగం, ఎలా అవుతారో రచయిత ఓపికగా చెబుతాడు. చదువుతుంటే మనమే కడుతున్నట్టుంటుంది. సిరీస్‌లో చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ అయ్యాడు, వాన్ నాయ్‌మన్ బదులు కంప్యూటర్ శాస్త్రవేత్త ట్యూరింగ్ వచ్చాడు. అది పోనివ్వండి, గేట్ల వివరమే మాయం! గ్రాఫిక్స్ చూసి అబ్బా అనుకుని ముందుకెళ్లడమే. టీవీలో రెండు బొమ్మలు చూసి సైన్స్ ఫిక్షన్ అర్థమైందనుకునేవాళ్లకు ఇదే చాలు.

వనస్థలి_వసుధ:
ఆ చివరి మాట నన్నే అన్నావని నాకు తెలుసు. నువ్వెవరు నాకేది చాలో చెప్పడానికి? దేవరకొండ దగ్గర పల్లెటూళ్లో పదో తరగతి దాకా తెలుగు మీడియం నాది. లెక్కల్లో, భౌతికశాస్త్రంలో స్కూల్ ఫస్ట్. ఇంటర్‌కి హైదరాబాద్ వచ్చి ఎంపీసీలో చేరితే, కోణీయ ద్రవ్యవేగం గురించి తెలుగులో డౌట్ అడిగినందుకు లెక్చరర్ నవ్వాడు, క్లాసంతా నవ్వింది. మళ్లీ నోరెత్తలేదు. సీఈసీకి మారిపోయాను. ఇవాళ ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసుకుంటున్నా. ఇన్నేళ్లకు ఒక సిరీస్ నన్ను మళ్లీ ఫిజిక్స్ దగ్గర కూర్చోబెట్టింది. పాంకరే పేరు వెతికి చదివింది దీని వల్లే. నీలాంటివాళ్లు గుమ్మంలో నిలబడి ‘నవల చదివావా’ అని అడుగుతారు. ఆ క్లాసులో విన్న నవ్వు ఇదే.

మోడరేటర్:
ఇద్దరికీ చెబుతున్నా. ఏకవచనం వద్దు, ఎత్తిపొడుపులూ వద్దు. సిరీస్ గురించి రాయండి.

ఆబిడ్స్_పాఠకుడు:
మోడరేటర్ గారూ, దీనికి జవాబు రాయనివ్వండి. సిరీస్ సంగతి కూడా ఇందులోనే ఉంది.

వసుధ గారూ, నాది వనపర్తి వైపు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఈ నవల ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నాను. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను, ఒక్కో పేజీ రెండు మూడు సార్లు. మా రూమ్మేట్లు ‘నీకెందుకురా ఇవన్నీ’ అనేవాళ్లు. ఆ గేట్ల అధ్యాయం అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు అర్థమవుతుందని ఆ రచయిత నమ్మాడు. ఈ సిరీస్ తీసినవాళ్లకు ఆ నమ్మకం లేదు. మన లాంటివాళ్లకు ఇంతవరకే ఎక్కుతుందని వాళ్లే కొలిచి పెట్టారు. మిమ్మల్ని చూసి నవ్విన లెక్చరర్‌కూ వాళ్లకూ తేడా నాకు కనిపించదు. అందుకే నాకు మండుతుంది.

మౌలాలి_మాధవి:
మా అక్క కూతురు ఎనిమిదో తరగతి. ఆ సైన్యం జెండాలు చూసి ‘పిన్నీ, వీళ్లతో కంప్యూటర్ ఎలా అవుతుంది’ అని అడిగింది. కాగితం మీద ఒక గేట్ గీసి చూపించాను. తర్వాత తనే ఇంకో మూడు గీసుకుంది. వివరం తీసేసినా ప్రశ్న మిగిలింది కదా.

ఆబిడ్స్_పాఠకుడు:
మీరు పక్కన ఉన్నారు కాబట్టి గీసి చూపించారు. ఎవరూ లేని పిల్ల సంగతేంటి? నాకు ఆ పుస్తకంలోనే అంతా ఉంది.

లెక్చరర్_దిల్‌సుఖ్‌నగర్:
వసుధ గారూ, డౌట్ అడిగితే నవ్వినవాడు లెక్చరర్ కాడు. నా క్లాసులో ఏ భాషలో అడిగినా చెబుతా. ఆల్ఫా సెంటారి మాత్రం నేను వదలను.

వనస్థలి_వసుధ:
లెక్చరర్ గారూ, థాంక్స్ అండీ.

పాఠకుడు గారూ, మీ నవల మీద నాకు కోపం లేదు. మీరు నిఘంటువు పెట్టుకుని కూర్చోగలిగారు. ఆ నవ్వు విన్నాక నాలో ఆ ఓపిక చచ్చిపోయింది. భౌతికశాస్త్రం అని కనిపిస్తే పేజీ మూసేసేదాన్ని. సిరీస్ గేట్ల దగ్గర మొదలుపెట్టి ఉంటే అక్కడే కట్టేసేదాన్ని. అది విల్ దగ్గర నుంచి మొదలుపెట్టింది. చనిపోబోయే మనిషి తను ప్రేమించిన అమ్మాయి కోసం ఒక నక్షత్రాన్ని కొంటాడు. అతని మెదడును తెరచాపకు కట్టి, దారిలో వరుసగా అణుబాంబులు పేల్చి, ఆ తోపుతో పంపుతారు. తాడు తెగి దారి తప్పుతుంది. బాంబు పేలితే తెరచాపకు తోపు ఎలా వస్తుంది, ఎంత వేగం వస్తుంది, తాడు ఎందుకు తెగింది అని నేను కాగితం, పెన్ను తీశాను. విల్ అంటే ఇష్టం లేకపోతే తీసేదాన్ని కాదు. మీరు ప్రేమ కథ అని తీసిపారేసింది దాన్నే.

ఆబిడ్స్_పాఠకుడు:
ఆ మెదడు పంపే సంగతి కూడా మూడు నవలల వరుసలోదే. మూడో పుస్తకం. అక్కడా అతను ఆమె కోసం నక్షత్రం కొంటాడు. దాన్ని నేను తీసిపారేయలేదు, నాకూ ఇష్టమైన భాగం అది. మొదటి నవల నడిబొడ్డున అతికించడం మీదే నా కోపం. ఆలోచన ముందు రావాలి, మనిషి తర్వాత.

వనస్థలి_వసుధ:
నాకు మనిషే ముందు. ఇక్కడ మనిద్దరికీ కుదరదు. రెండో సీజన్ వస్తే చూస్తాను. ఆగీ మాటలు మళ్లీ పాఠంలా ఉంటే ఇక్కడికే వచ్చి తిడతాను కూడా.

టోలిచౌకి_సలీం:
మాధవి గారూ, ఆ గేట్ల కాగితం ఫొటో ఉంటే పెట్టండి. మా తమ్ముడు ఇంటర్, ఎంపీసీ. ఉర్దూ మీడియం నుంచి వచ్చాడు.