‘దొరికిన ఫుటేజీ’ అనవచ్చునా?

ప్రశ్న: భయానక చిత్రాల్లో ‘ఫౌండ్ ఫుటేజ్’ అనే తరహా ఒకటి ఉన్నది. పాత్రలే కెమెరా పట్టుకొని తీసినట్టు, ఆ తరువాత ఆ టేపులు ఎవరి చేతికో వచ్చినట్టు కథ నడుస్తుంది. దీనికి ‘లభ్య చిత్రం’, ‘కనుగొన్న దృశ్యాలు’, ‘ఊగే కెమెరా సినిమా’ అనే మూడు మాటలు మన పదచర్చా బృందంలో ప్రతిపాదనకు వచ్చాయి. ఏది తగును?

సమాధానం: మూడూ తగవని నా అభిప్రాయం. ‘దొరికిన ఫుటేజీ’ అనడమే మేలు. ఈ సినిమాలు ప్రేక్షకుణ్ణి ఎలా నమ్మిస్తాయో చూస్తే కారణం తెలుస్తుంది.

‘ఊగే కెమెరా’ను ముందుగా పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే ఈ తరహాలో పేరుపడిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ (2007)లో భయమంతా ఊగని కెమెరాలోనే ఉన్నది. దర్శకుడు ఒరెన్ పెలీ శాన్‌డియాగోలోని తన సొంత ఇంట్లోనే ఆ సినిమా తీశాడు. రాత్రి దృశ్యాల్లో కెమెరా పడకగది మూల స్టాండు మీద కదలకుండా నిలిచి ఉంటుంది. తెర అంచున గంటలు, నిమిషాలు నడుస్తుంటాయి. మంచం మీద ఇద్దరు నిద్రపోతుంటారు, పక్కన తలుపు తెరిచి ఉంటుంది. మామూలు సినిమాలో ఎక్కడ చూడాలో దగ్గరి షాటు చెబుతుంది. ఇక్కడ చెప్పేవారు లేరు గనుక తలుపునూ మంచాన్నీ తలుపు అవతలి చీకటినీ మనమే కాపలా కాయవలసి వస్తుంది. కాబట్టి ఊపు ఈ తరహాకు లక్షణం కాదు, దాని పనిముట్లలో ఒకటి మాత్రమే.

‘లభ్యం’ అన్న మాట నేటి వాడుకలో ‘అందుబాటులో ఉన్నది’ అనే అర్థానికి స్థిరపడిపోయింది. ‘ఇచ్చట పాలు లభ్యమగును’ అన్న బోర్డే ముందు గుర్తుకు వస్తుంది. ‘కనుగొను’ ఇంతకంటె నయమే గాని, దానికి కర్త కావాలి, ఆ కర్తకు సాధారణంగా ఒక పూనిక కూడా కావాలి. శాస్త్రవేత్త మందును కనుగొంటాడు. దారిలో పర్సు దొరుకుతుంది. ‘దొరుకు’ అకర్మక క్రియ. దొరికిన వస్తువే దానికి కర్త. పొందినవాడు ‘నాకు’, ‘వాళ్ళకు’ అని వస్తే వస్తాడు, లేకపోతే లేదు. ఆ లోటు వల్ల వాక్యానికి కొరత రాదు.

‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999) మొదట్లో తెర మీద కనిపించే అక్షరాలు సరిగ్గా ఈ పనే చేస్తాయి. 1994 అక్టోబరులో మేరీలాండ్‌లోని బర్కిట్స్‌విల్ దగ్గరి అడవిలో డాక్యుమెంటరీ తీస్తూ ముగ్గురు విద్యార్థులు కనబడకుండా పోయారని, ఏడాది తరువాత వారి ఫుటేజీ దొరికిందని అవి చెబుతాయి. ఎవరికి దొరికిందో చెప్పవు. రెండు కెమెరాల్లో ఉన్నదాన్ని ఒక వరుసలో కూర్చినవారు ఎవరన్నదీ చెప్పవు. ఆ ఖాళీని తెలుగులో ‘దొరికింది’ అన్న ఒక్క క్రియ సహజంగా మోస్తుంది.

ఆ సినిమా తీసిన పద్ధతి కూడా ఈ మాటకు బలమే. దర్శకులు డేనియల్ మిరిక్, ఎడ్వార్డో సాంచెజ్ కెమెరాలను నటుల చేతికే ఇచ్చారు: ఒకటి రంగుల వీడియో తీసేది, మరొకటి నలుపు తెలుపుల 16 మిల్లీమీటర్ల ఫిల్ముది. నటులు తమ సొంత పేర్లతోనే నటించారు. ఏ రోజు ఎటు నడవాలో జీపీఎస్ పరికరం చెప్పేది. సన్నివేశంలో ఎవరు ఏం చేయాలో రాసిన చీటీలు విడివిడిగా అందేవి. తిండి రోజురోజుకూ తగ్గించారు. చిత్రీకరణ దాదాపు 8 రోజులు, చాలావరకు సెనెకా క్రీక్ పార్కు అడవిలో సాగింది. ఆకులు రాలిన ఆ అడవిలో ఏ చెట్టు చూసినా ముందు చూసిన చెట్టులాగే ఉంటుంది. కోటలు, పాడుబడ్డ బంగళాలు కట్టించి సాధించలేని భయాన్ని, గుర్తుపట్టదగినది ఒక్కటీ లేని ఆ చోటు సాధించింది. నేల మీద పడినా తీస్తూనే ఉన్న కెమెరా, ఆకులు తప్ప ఏమీ కనిపించని షాట్లు, చీకట్లో వినిపించే మాటలు మంచి ఛాయాగ్రహణం అనిపించుకోవు. మనిషి చేతిలోని వస్తువు చేసిన నమోదులా మాత్రం ఉంటాయి.

ఇక ‘ఫుటేజీ’ని అనువదించకుండా ఉంచడానికి బద్ధకం కారణం కాదు. ఇంగ్లీషులో అది అడుగుల లెక్కన కొలిచే ఫిల్ము పొడవు నుంచి పుట్టిన మాట. మన వార్తాపత్రికల్లో ‘సీసీ కెమెరా ఫుటేజీని పోలీసులు పరిశీలిస్తున్నారు’ అన్న వాక్యంతో ఇంటింటికీ చేరింది, కాబట్టి తెలుగు చెవికి అందులో సాక్ష్యం అన్న ధ్వని ముందే ఉన్నది. ‘దృశ్యాలు’ అంటే ఆ ధ్వని పోతుంది. ఈ సినిమాలు సాక్ష్యంగా చలామణీ కాగలవన్నది వట్టి ఊహ కాదు: 1980లో వచ్చిన ‘కానిబాల్ హోలోకాస్ట్’ విషయంలో, తెర మీది హత్యలు నిజమేనన్న అనుమానం రావడంతో, నటులు బతికే ఉన్నారని దర్శకుడు రుజెరో దియొదాతో ఇటలీలో నిరూపించుకోవలసి వచ్చింది.

ఒక సభ్యురాలి సందేహం: ఇది ఉత్తమ పురుష కథనమే కదా? సాహిత్యంలో ఉన్న మాటను వదిలి కొత్తది ఎందుకు?

జవాబు: పోలిక ఉన్నమాట నిజమే, అయితే ఒక పెద్ద తేడా ఉన్నదండీ. ‘నేను’ అని కథ చెప్పేవాడు జరిగిపోయినదాన్ని తలచుకొని, ఏరి, కూర్చి చెబుతాడు. కెమెరా పట్టుకున్న పాత్రకు తరువాతి క్షణం కూడా తెలియదు. స్పెయిన్ చిత్రం ‘రెక్’ (2007)లో బార్సిలోనాలోని ఒక అపార్టుమెంటులోకి టీవీ విలేకరి, కెమెరామన్ వెళతారు. అధికారులు బయటి నుంచి తలుపులు మూసివేస్తారు. ప్రాణం మీదికి వచ్చినా ఇంకా ఎందుకు తీస్తున్నారన్న ప్రశ్న ఈ తరహాను ఎప్పుడూ వెంటాడుతుంది. అక్కడ జవాబు కథలోనే ఉన్నది: తీయడం వాళ్ళ ఉద్యోగం, దీపం పోయాక చీకట్లో దారి చూపగలిగింది ఆ కెమెరా మాత్రమే. అంతసేపూ మనకు చూపునిచ్చే కెమెరామన్ ముఖం మాత్రం మనకు తెలియదు. అతణ్ణి ‘నేను’ అనడం కష్టం.

‘క్లోవర్‌ఫీల్డ్’ (2008)లో ఇది మరింత స్పష్టం. పాత టేపు మీదనే కొత్తగా రికార్డు చేయడం వల్ల, చెరిగిపోగా మిగిలిన ఒక సంతోషకరమైన రోజు తునకలు మధ్యమధ్య పైకి తేలుతాయి. వాటిని ఏ పాత్రా జ్ఞాపకం చేసుకోవడం లేదు. టేపు అనే వస్తువులో అవి మిగిలి ఉన్నాయి, అంతే. వస్తువుకు పురుష భేదం అంటగట్టలేము గాని, అది దొరికిందని చెప్పగలము.

ఈ పేరు ఇమడని చోటు ఒకటి ఉన్నది. 2020లో లాక్‌డౌన్ కాలంలో, నటులు తమ తమ ఇళ్ళలోనే కెమెరాలు అమర్చుకొని నటించగా తీసిన ‘హోస్ట్’ అంతా ఒక జూమ్ సమావేశంగా కంప్యూటర్ తెర మీదనే నడుస్తుంది. అక్కడ ఏదీ దొరకదు, జరుగుతుండగానే చూస్తాము. దానినీ ఇదే పేరు కిందికి లాగకుండా, ‘కంప్యూటర్ తెర సినిమా’ అని విడిగా చెప్పడం మంచిది.